తొట్టి వైపు మలుపు

ఏప్రిల్ 5, ఆదివారం

ప్రార్థన చేసుకున్నాను. భోంచేశాను. సైడ్‌కారు బండ్ల క్లబ్బు వాళ్ళతో వెళ్ళొచ్చాను.

వెళ్ళకూడదనే అనుకున్నాను. మెట్లు దిగేసరికి క్లబ్బులోని వెల్డర్, తమ్ముడనే పిలుస్తాను, నేను సీట్లు కుట్టే షాపు ముందు బండి ఆపుకుని కూర్చున్నాడు. హారన్ కొట్టలేదు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలీదు.

"అక్కా, ఈ వేసవిలో కూడా ఆదివారాలు షెల్టర్ కుక్కల్ని సరస్సు గట్టుకి తీసుకెళ్తున్నాం. జనం చూస్తే ఎవరో ఒకరు పెంచుకుంటారు. నా తొట్టిలో కుక్కను పట్టుకుని కూర్చునేవాళ్ళు లేరు. మా ఆవిడకు కుక్కంటే పడదు, నేనంటే అసలే పడదు" అన్నాడు.

నన్ను నవ్వించాలనే అన్నాడు. నవ్వాననే అనుకుంటున్నాను.

సైడ్‌కారును తొట్టి అనడం మా ఆయనతోనే మొదలైంది. ఇప్పుడు క్లబ్బంతా అదే మాట. ఆయన మాత్రం రావడం మానేశారు. విడిపోయినప్పుడు ఎవరి వాటాకు ఏమొచ్చిందని మా అక్క అడిగితే, ఆయనకు బండీ తొట్టీ, నాకు క్లబ్బూ అన్నాను. అక్కకు అది జోకని తెలియలేదు. నాకూ తెలియలేదు, పంతులమ్మలా అక్క తిట్టేదాకా.

ఏప్రిల్ 7, మంగళవారం

రెక్జిన్ చుట్ట తేవడానికి బస్సులో వెళ్ళాను. మలుపు దగ్గర పక్క సీటు పిల్ల కిసుక్కున నవ్వింది. "ఆంటీ, బస్సు పడిపోదులెండి" అంది. చూసుకుంటే ఒరిగి కూర్చుని ఉన్నాను.

తొట్టి వైపు మలుపు వస్తే ఆ వైపుకు ఒరగాలి. ఒరగకపోతే తొట్టి గాల్లోకి లేస్తుంది. మలుపు వస్తోందని ఆయన ఎప్పుడూ చెప్పేవారు కాదు. భుజం చూసి తెలుసుకోవాలి. భుజం ఇంత దిగుతుంది, అంతే. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ భుజమే చూశాను.

ఆ పిల్లకు ఇదంతా ఏం చెప్తాను. నడుం నొప్పి అన్నాను.

ఏప్రిల్ 12, ఆదివారం

తమ్ముడి తొట్టిలో నాతోపాటు ఇవాళ పెద్ద కుక్కను ఎక్కించారు. ముసలిది. తుంటి ఎముక బాగాలేదు, వెనక కాళ్ళు ఈడుస్తూ నడుస్తుంది. మూతి చుట్టూ తెల్లగా నెరిసిపోయింది. షెల్టర్‌లో అందరూ తాత అంటారు. ఎవరో పెట్రోలు బంకు దగ్గర కట్టేసి పోయారట.

"ఒకరు తీసుకెళ్ళి మళ్ళీ తెచ్చి వదిలేశారమ్మా" అంది డాక్టరమ్మ. షెల్టర్ ఆవిడదే. చిన్నవయసు, మాట మాత్రం పెద్దది. "ఇంట్లో ఉండడట. ఏ మోటారు సైకిలు పోయినా గేటు దగ్గరికి పోయి కూర్చుంటాడట. కొత్త పెళ్ళికూతురికి పుట్టింటి మీద బెంగ పట్టుకున్నట్టు."

తమ్ముడు బండి స్టార్టు చేశాడు. మిగతా కుక్కలన్నీ వెనక్కి తగ్గాయి. తాత ముందు కాళ్ళు తొట్టి అంచు మీద పెట్టి, మిగతా ఒళ్ళు ఎవరైనా ఎత్తుతారులే అన్నట్టు నిలబడ్డాడు. ఎత్తాం. నా కాళ్ళ మీద కూలబడ్డాడు. బరువుకి కాళ్ళు తిమ్మిరెక్కాయి.

గట్టు మీద చాలామంది ఫొటోలు తీసుకున్నారు. చిన్న కుక్కలు రెంటికి ఇళ్ళు దొరికాయి. తాతను ఎవరూ అడగలేదు.

ఏప్రిల్ 15, బుధవారం

సీట్లు కుట్టాను. పడుకున్నాను.

ఏప్రిల్ 19, ఆదివారం

మళ్ళీ తాతే. తమ్ముడు కూడా మలుపు ముందు చెప్పడు. మగవాళ్ళెవరూ చెప్పరేమో. నేను ఒరిగితే తాత కూడా ఒరిగాడు. మొదటిసారి పడబోయాడనుకున్నాను. తిరిగి వచ్చేటప్పుడూ అంతే, నాతోపాటే.

"అక్కా, నా బండి ఇంత నున్నగా ఎప్పుడూ తిరగలేదు. ఇద్దరు ప్యాసింజర్లూ ట్రైనింగ్ అయినవాళ్ళే" అన్నాడు తమ్ముడు.

ఏప్రిల్ 24, శుక్రవారం

డాక్టరమ్మ ఒక పని అప్పగించింది. కుక్కను అడిగినవాళ్ళ ఇంటికి ఎవరో ఒకరు వెళ్ళి చూసి రావాలి. గోడ ఎత్తుందా, గేటు సరిగ్గా పడుతుందా, నీడ ఉందా, ముసలి కుక్కయితే మెట్లున్నాయా. చివర్న ఒకే ప్రశ్న: ఎందుకు కావాలి. ఆ వెళ్ళినవాళ్ళు ఊఁ అంటే ఊఁ, ఉహూఁ అంటే ఉహూఁ.

"నేనేం చూడగలనమ్మా? టెన్తు చదివినదాన్ని" అన్నాను.

"మీరు మెల్లగా మాట్లాడతారు. మెల్లగా మాట్లాడేవాళ్ళ ముందు జనం అబద్ధం చెప్పలేరు" అంది.

ఇవాళ మొదటి ఇల్లు చూశాను. రిటైరైన పెద్దాయన. ఎందుకు కావాలంటే, "మాట్లాడుకోవడానికమ్మా. మా ఆవిడ మాట్లాడదు" అన్నాడు. లోపల్నుంచి ఆవిడ, "వింటే కదా మాట్లాడేది!" అంది. గోడ బాగుంది. ఊఁ అన్నాను.

మే 3, ఆదివారం

తాతను ఎవరూ అడగలేదు. నాకేం. వాడు నా కుక్క కాదు.

మే 14, గురువారం

మధ్యాహ్నం తాతను షాపుకి తెచ్చాను. తొట్టిలో వేయడానికి పరుపు కుట్టాలి, దాని కొలత కోసం. ఇనుప పలకల మీద పడుకుంటే తుంటికి మంచిది కాదు.

"ఏంటమ్మా, కస్టమరా? ఏ మోడల్?" అన్నారు యజమాని. కొలతలు తీసుకుంటుంటే తాత టేపును నాకాడు.

కొలతయ్యాక మేడ మెట్ల దగ్గరికి తీసుకెళ్ళాను. ఊరికే. పైన నా గది. ఆ సన్న ఇనుప మెట్లలోంచి కింద నేల కనబడుతుంది. తాత రెండు ఎక్కాడు. మూడో దాని మీద ముందు కాళ్ళు పెట్టి, వెనక కాళ్ళు రాక, నా వైపు చూస్తూ నిలబడిపోయాడు. ఎత్తి దించాను. యజమాని చూస్తున్నారు.

ఆ గది చూడటానికి నన్నే పంపితే ఉహూఁ అనేదాన్ని.

కొలత కోసమే తెచ్చాను.

మే 17, ఆదివారం

గట్టు మీద ఎండ మాడ్చేసింది. కుక్కలకు నీళ్ళు పట్టడానికే సరిపోయింది. తాత పరుపు చూసి అందరూ బాగుందన్నారు. మిగిలిన రెక్జిన్ ముక్కతో అంచు వేశాను. ఎర్రది.

మే 20, బుధవారం

డాక్టరమ్మ ఫోన్ చేసింది. తాతను ఒకాయన అడిగారట. మంచిదేగా అన్నాను. అవతల కాగితాలు తిప్పిన చప్పుడు వినిపించింది. తర్వాత, "అమ్మా, ఆ అడిగినాయన మీ ఆయనే" అంది.

"వేరేవాళ్ళని పంపనా?"

"ఎందుకు? నేనే వెళ్తాను" అన్నాను.

నాకేమీ అనిపించలేదు. ఫోన్ పెట్టేసి ఒక సీటుకి పిన్నులు కొట్టాను. తర్వాత చూస్తే కవరు తిరగేసి కొట్టాను. మళ్ళీ అన్నీ పీకాను.

మే 21, గురువారం

మా అక్క ఫోన్. ఎవరు చెప్పారో. వెల్డర్ పెళ్ళామే అయుంటుంది.

"నీ మొగుణ్ణి లాక్కున్నది చాలదటా దానికి? కుక్కను కూడానా?"

"నా కుక్క కాదక్కా."

"ఆ మొగుణ్ణీ అలాగే వదిలేశావు. నాది కాదు, నాది కాదు అంటూ. వెళ్ళి గుమ్మంలోనే చెప్పెయ్, కుదరదని."

"చూడకుండా ఎలా చెప్తాను?"

"నీకు దేవుడు నోరెందుకిచ్చాడే?"

ఆ సంగతి దేవుణ్ణి అడుగుతానన్నాను. అడగలేదు.

మే 24, ఆదివారం

ఇవాళ గట్టుకి వెళ్ళలేదు. ఆ ఇంటికి వెళ్ళాను.

ఇప్పుడు ఆయనతో ఉంటున్నావిడది ల్యాబ్‌లో ఉద్యోగం. రక్తం తీసేది. ఒకప్పుడు నా రక్తం కూడా తీసింది, నొప్పి తెలియకుండా తీసింది. ఇల్లు సందు చివర. గోడ నా భుజం దాకా ఉంది. గేటు లాగి చూశాను, గడియ చప్పుడు లేకుండా పడింది. ఆయన నూనె వేసుంటారు. ఆయనకు చప్పుడంటే పడదు, ఒక్క ఇంజను చప్పుడు తప్ప. మెట్లు లేవు. బండి ఎక్కించడానికి వాకిట్లో సిమెంటుతో వాలు కట్టుకున్నారు. కాళ్ళు ఈడ్చే కుక్కకు కావాలని కట్టించినట్టే ఉంది. పెద్ద చెట్టు, దాని కింద నీడ.

ఆయన బనీనులో ఉన్నారు. నన్ను చూసి గబగబా లోపలికెళ్ళి చొక్కా వేసుకుని వచ్చారు. ఇన్నేళ్ళలో నా ముందు చొక్కా వేసుకోవాలని ఆయనకు ఎప్పుడూ అనిపించలేదు.

"నువ్వొస్తావనుకోలేదు" అన్నారు.

"షెల్టర్ వాళ్ళు పంపారండి" అన్నాను.

ఆవిడ మంచినీళ్ళు తెచ్చింది. నన్ను ఏమని పిలవాలో తెలియక, "ఇదిగోండి, ఇదిగోండి" అని రెండుసార్లు అంది. జుట్టుకు రంగు వేయడం మానేసినట్టుంది, పాపిట దగ్గర తెల్లగా ఉంది. కోపం వస్తుందేమోనని చూసుకున్నాను. నీళ్ళు తాగాను. చల్లగా ఉన్నాయి.

తొట్టి చెట్టు కింద ఉంది. నేను కుట్టిన సీటే. అంచు కుట్టు జానెడు విడిపోయింది, లోపలి ఫోము పసుపుగా కనబడుతోంది. సీటు మీద ఇసుక మూట పెట్టి ఉంది.

అందరినీ అడిగినట్టే ఆయన్నీ అడిగాను. "ఎందుకు కావాలి?"

ఆయన ఆవిడ వైపు చూశారు. ఆవిడ నేల చూసింది.

"తొట్టి ఖాళీగా ఉంటే మలుపులో లేస్తోంది. ఈవిడ ఎక్కదు. ఒకసారి ఎక్కింది, సందు దాటేలోపే ఏడ్చేసింది."

"ఇసుక మూట ఉందిగా."

"ఉంది." మూట మీది ఆకు తీసి పారేశారు. "మూట ఒరగదు కదా."

నేను గేటు మళ్ళీ లాగి చూశాను.

"మొన్న గట్టు రోడ్డు మీద పోతుంటే చూశాను. నువ్వూ ఆ కుక్కా ఒకేసారి ఒరిగారు. ఆ కుక్కయితే సరిపోతుంది అనిపించింది" అన్నారు.

సరిపోతుంది. అంతే అన్నారు. ఆయన మనసులో చెడు లేదు. ఎప్పుడూ లేదు. పప్పులో ఉప్పు సరిపోయిందని చెప్పినట్టే చెప్పారు.

"షెల్టర్ వాళ్ళు చెప్తారు" అని వచ్చేశాను. బస్సులో కూర్చున్నాను. ఎన్ని మలుపుల్లో ఒరిగానో తెలీదు.

మే 25, సోమవారం

చెప్పేశాను. గోడ ఎత్తు చాలదన్నాను. గేటు సరిగ్గా పడదన్నాను.

"గోడ పెంచమందామా?" అంది డాక్టరమ్మ.

"వద్దమ్మా" అన్నాను.

గోడ నిజంగానే అంత ఎత్తేమీ లేదు. పెద్ద కుక్క తలుచుకుంటే దూకగలదు.

మే 26, మంగళవారం

మా అక్కకు చెప్పాను. "ఇన్నాళ్ళకు బుద్ధొచ్చింది" అంది. సంతోషించింది. ఆవిడ సంతోషించినందుకు నేనూ సంతోషించాలి.

మే 28, గురువారం

ప్రార్థనకు కూర్చుంటే మాటలు రాలేదు. కళ్ళు మూసుకుంటే గోడ కనిపించింది. భుజం దాకా ఉన్న గోడ. వెనక కాళ్ళు ఈడ్చే కుక్క ఆ గోడ దూకుతుందని రాశాను.

పడుకున్నాను.

మే 31, ఆదివారం

వాన. గట్టుకి వెళ్ళడం ఇక అయిపోయినట్టే, వానలు పడితే బండ్లు తీయరు. ఈ వేసవిలో పోగా మిగిలిన కుక్కలు మళ్ళీ వేసవి దాకా అక్కడే ఉండాలి.

ఊరికే షెల్టర్‌కి వెళ్ళాను. రేకుల కింద నుంచి నీళ్ళు లోపలికి వస్తున్నాయి. తాత ఉన్న గదిలో సిమెంటు నేల తడిసిపోయింది. నేను కుట్టిన పరుపు గోడకు ఆనించి ఆరబెట్టారు. తాత నన్ను చూసి లేవబోయాడు. ముందు కాళ్ళు లేచాయి. వెనకవి లేవలేదు. అలాగే కూలబడి, ఏమీ జరగనట్టు మొహం పక్కకు తిప్పుకున్నాడు.

డాక్టరమ్మ తుంటికి సూది వేసింది. "వానాకాలం గడిస్తే చూద్దాం" అంది. గడవదని ఆమె మొహంలోనే ఉంది.

అప్పుడు రోడ్డు మీద ఒక మోటారు సైకిలు పోయింది. తాత చెవులు నిక్కాయి. ఒళ్ళంతా అక్కడే ఉండిపోయింది, చెవులు మాత్రం దాని వెనకే వెళ్ళాయి.

వాడు నా కుక్క కాదు. ఇది నిజం. ఇదొక్కటీ నిజమే రాశాను.

జూన్ 2, మంగళవారం

పొద్దున షాపుకి వెళ్ళకుండా షెల్టర్‌కి వెళ్ళాను.

"అమ్మా, ఆ గోడ సరిపోతుంది. గేటు కూడా. నేను సరిగ్గా చూడలేదు" అన్నాను.

డాక్టరమ్మ నా వైపు చాలాసేపు చూసింది. నేను తల దించలేదు. దించుకుంటే ఇంకో అబద్ధం చెప్పినట్టు ఉంటుందనిపించింది.

"మరి ఎందుకు కావాలన్నారు?"

"తొట్టిలో బరువు కోసమట."

"అలాంటివాళ్ళకు ఇవ్వం కదమ్మా. కుక్కను పనికి పెట్టుకునేవాళ్ళకు."

"అవునమ్మా. కానీ తాతకు ఇష్టమైన చోటు అదొక్కటే. ఆయన బండి జాగ్రత్తగా నడుపుతారు. తొట్టిలో ఉన్నవాళ్ళకు ఎప్పుడూ దెబ్బ తగలనివ్వలేదు. నాకు తెలుసు." ఆ మాట నా నోటినుంచే వచ్చింది. "నా మాటయితే ఊఁ."

ఆమె నా చేయి పట్టుకుంది. నాకు ఏడుపు రాలేదు. "కళ్ళజోడు మార్పించుకోండమ్మా. భుజం దాకా ఉన్న గోడ కనబడకపోతే కష్టం" అంది.

మా అక్కకు చెప్పలేదు.

జూన్ 5, శుక్రవారం

తాత పరుపు ఆరింది. ఆయన తొట్టి సీటుకి విడిపోయిన కుట్టు వేయడానికి వంపు సూది, దారం సంచిలో పెట్టుకున్నాను. కుక్క కాలు అందులో ఇరుక్కుంటే ప్రమాదం. అందుకే.

జూన్ 7, ఆదివారం

వాన వెలిసింది. తాతను తీసుకెళ్ళడానికి ఆయన షెల్టర్‌కి బండితోనే వచ్చారు. ఆవిడ వెనకాల ఆటోలో వచ్చింది. వెల్డర్ తమ్ముడు కూడా వచ్చి, నేను పిలవకపోయినా గేటు పక్కన నిలబడ్డాడు. ఆయన్ని చూసి పలకరించలేదు. "తమ్ముడూ, ఆ ఇసుక మూట దించు" అన్నాను. దించాడు. విసురుగా దించాడు.

నేను తొట్టి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని కుట్టు వేశాను. ఆవిడ మెల్లగా వచ్చి పక్కన కూర్చుంది. దారం పట్టుకుంటానంది. పట్టుకోమన్నాను.

"నాకు కుక్కంటే భయం లేదండి. స్నానం అదీ నేనే చేయిస్తాను" అంది. తర్వాత ఇంకా మెల్లగా, "మీరు ఎలా కూర్చునేవారండి ఇందులో?" అంది.

"ఆయన భుజం చూడాలి" అన్నాను. "మలుపు ముందు కొంచెం దిగుతుంది. రోడ్డు చూస్తే భయమేస్తుంది. భుజం ఒక్కటే చూడాలి."

"చెప్పమంటే చెప్పరా?"

"నేనెప్పుడూ చెప్పమనలేదు. నువ్వు అడుగు."

ఆవిడ తల ఊపింది. దారం కొరికి ముడి వేశాను. పరుపు వేశాను. తాతను ఎత్తబోతే ఆయన ముందుకొచ్చారు. ఇద్దరం చెరోవైపు పట్టాం. ఆయన చేతికి ఇంకా అదే గ్రీజు వాసన. తాత సర్దుకుని, మూతి తొట్టి అంచు మీద పెట్టుకున్నాడు. నా వైపు చూస్తాడనుకున్నాను. ఇంజను స్టార్టయింది. ముందుకు చూస్తున్నాడు.

"వస్తాను" అన్నారు ఆయన. ఎక్కడికి వస్తారో. అలవాటు మాట.

బండి షెల్టర్ ముందున్న మలుపు దగ్గరికి వెళ్ళింది. తొట్టి వైపు మలుపు. ఆయన భుజం దిగింది. నాకు ఇక్కడి నుంచే కనిపించింది. అప్పటికే తాత ఒరిగాడు. తొట్టి లేవలేదు. నున్నగా తిరిగి వెళ్ళిపోయారు.

"అక్కా, దింపమంటావా?" అన్నాడు తమ్ముడు.

బస్సులో వెళ్తానన్నాను.

జూన్ 9, మంగళవారం

రెక్జిన్ కోసం వెళ్ళాను. బస్సు నిండుగా ఉంది. కిటికీ పక్కన ఒక లావుపాటి ఆవిడ, నేను ఇవతల. ఒళ్ళో చుట్ట పెట్టుకుని ఏదో ఆలోచిస్తున్నాను. ఏమీ ఆలోచించట్లేదేమో.

మలుపు వచ్చింది. నేను ఒరగలేదు. చుట్టతో సహా వెళ్ళి ఆవిడ మీద పడ్డాను.

"అమ్మో! చూసుకుని కూర్చోవద్దూ?" అంది ఆవిడ.

"మలుపు చూడలేదండి" అన్నాను.

"అంత దూరం నుంచి కనబడుతుంటే?"

నవ్వొచ్చింది. ఆవిడకూ వచ్చింది. లేచి సరిగ్గా కూర్చోవడానికి చాలాసేపు పట్టింది, నవ్వుతూనే ఉన్నాను. తర్వాత కళ్ళు తుడుచుకున్నాను. నవ్వు వల్ల వచ్చిన నీళ్ళు కావు అవి. ఆవిడ గమనించి, ఏమీ అడగకుండా, నా చుట్టను తన ఒళ్ళోకి తీసుకుంది.